అప్పు తీర్చకండి, మనిషిని వదలకండి



ఇంకో పది రోజుల్లో భోగి. మన గోదావరి పక్క ఊళ్లలో కొబ్బరితోటల్లో, కోతైపోయిన చేలల్లో బరులు చదును చేస్తున్నారు. పక్కనే గుండాట బల్లలు, పేకాట టెంట్లు ఎక్కడ వేయాలో కూడా లెక్క అయిపోయే ఉంటుంది. ప్రతి ఏడూ సంక్రాంతికి ముందు ఆదివారం నేను జూదం మీద ఒక ప్రసంగం చేస్తాను. సిలువ కింద సైనికులు యేసయ్య అంగీ కోసం చీట్లు వేసిన సంగతి చెబుతాను. మీరు ఆమెన్ అంటారు. పండగ వెళ్లిపోతుంది.

ఈ ఏడాది ఆ ప్రసంగం చేయను. దానికి బదులు ఇది రాస్తున్నాను. నేను అన్నేళ్లు ఆ ప్రసంగం చేస్తుంటే, మూడో వరుసలో చాప మీద కూర్చొని తల వంచుకొని విన్నవాడు ఒకడున్నాడు. ప్రతిసారీ అతనికి ఒక్కటే అర్థమయిందట: "ఈ సంగతి అయ్యగారికి ఎప్పటికీ తెలియకూడదు." ఆ మాట అతనే నాతో అన్నాడు. అది విన్న రోజు నుంచి నా ప్రసంగం నాకే చేదుగా ఉంది.

ఇప్పుడు చెప్పబోయేది అతని సంగతి. పేరు, ఊరు రాయను. అతనూ, అతని భార్యా ఇది ముందుగా చదివి, "రాయండి అయ్యగారూ, ఇంకొకరికి పనికొస్తుంది" అన్న తర్వాతే మీ ముందు పెడుతున్నాను. ఎవరా అని ఆరా తీయకండి. తీస్తే, రేపు నోరు విప్పుదామనుకున్న ఇంకొకరి నోరు మీరు మూసినట్టే.

అతను వరికోత మిషను డ్రైవరు. కోతల సీజన్లో చేతినిండా డబ్బు, మిగతా నెలల్లో ఖాళీ. చిన్నప్పుడు పండగ మూడు రోజులూ గుండాట దగ్గర నిలబడేవాడు. అది పండగతో పోయేది. 2020 లాక్‌డౌన్‌లో పని ఆగిపోయినప్పుడు ఎవరో ఫోన్లో రమ్మీ నేర్పారు. మొదటి వారంలోనే నాలుగు వేలు వచ్చాయి. అదే అతని దురదృష్టం. మొదట ఓడిపోయినవాడు విసుక్కొని మానేస్తాడు. మొదట గెలిచినవాడికి ఆ గెలుపు మనసులో ముద్ర పడిపోతుంది. ఆ తర్వాత క్రికెట్ బెట్టింగ్. బరికి వెళ్తే ఊరు చూస్తుంది, ఫోన్లో ఆడితే పక్కన పడుకున్న భార్య కూడా చూడదు. పాత జూదానికీ కొత్త జూదానికీ తేడా ఇదే. మన తాతల కాలంలో జూదగాడు ఎవరో ఊరందరికీ తెలుసు. ఇప్పుడు అప్పులవాడు గుమ్మంలోకి వచ్చేదాకా ఇంట్లోవాళ్లకే తెలియదు.

2022 సంక్రాంతి వెళ్లాక అతని భార్య మా ఇంటికి వచ్చింది. మెడలో పసుపుతాడు తప్ప బంగారం లేదు. డ్వాక్రా గ్రూపులో తీసుకున్న రుణం కూడా ఆటకే పోయిందని, గ్రూపులో ఆడవాళ్ల మొహం చూడలేకపోతున్నానని ఏడ్చింది. నేను అతన్ని పిలిపించాను. మోకరించాడు, ఏడ్చాడు, ఇక ముట్టనని బైబిలు మీద చెయ్యి వేశాడు. అప్పు ఎంత అని అడిగితే రెండు లక్షల ఎనభై వేలు అన్నాడు.

అప్పుడు నేను చేసిన పని నాకు ఎంతో ప్రేమగల పనిగా అనిపించింది. నలుగురు పెద్దలతో, స్త్రీల సమాజంతో రహస్యంగా మాట్లాడి లక్షా నలభై వేలు పోగు చేశాను. అందులో నా డబ్బూ కొంత ఉంది. గేదె పాలు అమ్ముకొని బతికే ఒక ముసలమ్మ ఐదు వేలు తెచ్చి చీర కొంగులోంచి తీసి ఇచ్చింది. ఆ డబ్బంతా తీసుకెళ్లి అతని చేతిలో పెట్టాను. సగం అప్పు తీరిపోతుంది, మిగతాది కోతల్లో తీర్చుకుంటాడు అనుకున్నాను. అదే ఆదివారం అతని చేత సాక్ష్యం కూడా చెప్పించాను.

మార్చి నెలాఖరులో ఐపీఎల్ మొదలైంది. మళ్లీ ఆడాడు.

నేను కోపంతో రగిలిపోయాను. ఆ ముసలమ్మ ఐదు వేలు కళ్ల ముందు కనబడేది. అతన్ని ప్రభువు బల్లకు దూరం పెట్టాను, మాట్లాడటం మానేశాను. అతను గుడికి రావడం మానేశాడు. పాపిని సరిదిద్దుతున్నాను అనుకున్నాను గాని, నిజానికి నా పరువు పోయిందన్న మంట నాది.

2023 మే నెలలో ఒక రాత్రి పదకొండు దాటాక అతని భార్య ఫోన్ చేసింది. ఇంట్లో లేడు, ఫోన్ ఎత్తడం లేదు, కొట్టులో పురుగుమందు డబ్బా కనబడటం లేదు అంది. ఇద్దరు కుర్రాళ్లను బండి మీద ఎక్కించుకొని వెతికాను. కాలవ గట్టు మీద దొరికాడు. దేవుని కృప, సమయానికి దొరికాడు. తెల్లవారేదాకా ఆ గట్టు మీదే కూర్చున్నాం. నేను వాక్యం చెప్పలేదు. ప్రార్థన కూడా బయటికి చేయలేదు. అతను మాట్లాడుతుంటే విన్నాను. అప్పుడు తెలిసింది, మొదటిసారి నాకు చెప్పిన అప్పు అసలు అప్పులో సగం కూడా కాదని. "మొత్తం చెబితే మీరు భయపడి వదిలేస్తారనుకున్నాను అయ్యగారూ" అన్నాడు. ఆ రాత్రి లెక్క వేస్తే ఏడు లక్షల పది వేలు తేలింది.

సహోదరులారా, ఆ రాత్రి తర్వాతే నేను ఈ విషయం గురించి నేర్చుకోవడం మొదలుపెట్టాను. సెమినరీలో మాకు ఇది ఎవరూ చెప్పలేదు. నేర్చుకున్నదాన్ని ఒక్క మాటలో పెడితే పైన శీర్షికలో ఉన్నదే: అప్పు తీర్చకండి, మనిషిని వదలకండి. నేను సరిగ్గా దీనికి తలకిందులుగా చేశాను. అప్పు తీర్చాను, మనిషిని వదిలేశాను.

మొదట, ఇది ఎలా పట్టుకుంటుందో చెబుతాను. జూదం ఆడేవాడు డబ్బు ఆశతో ఆడతాడని మనం అనుకుంటాం. మొదట్లో అది నిజమే. కొంతకాలం తర్వాత ఆశకన్నా, పోయింది తిరిగి రాబట్టుకోవాలన్న ఆరాటం ఎక్కువవుతుంది. పదివేలు పోతే ఆ పదివేల కోసం ఇరవై వేలు పెడతాడు. ఒక్క ముక్కలో, ఒక్క బంతిలో ఆట చేజారితే మనకు అది ఓటమి, అతనికి "దాదాపు గెలిచేశాను" అనిపిస్తుంది. ఎప్పుడు గెలుపు వస్తుందో తెలియకపోవడమే మెదడును కట్టిపడేస్తుంది. ప్రతిసారీ గెలిచినా, ప్రతిసారీ ఓడినా మనిషి ఏదో ఒకరోజు మానేస్తాడు. అప్పుడప్పుడు మాత్రమే వచ్చే గెలుపే గాలం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసి, 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల జాబితాలో జూదపు వ్యసనం ఒక రుగ్మతగా ఉంది. తాగుడు, మత్తుమందుల వ్యసనాలు ఉన్న అధ్యాయంలోనే దాన్నీ చేర్చారు. ఇంకో సంగతి విని నేనే ఆశ్చర్యపోయాను. వణుకుడు జబ్బుకు, అంటే పార్కిన్సన్స్‌కు ఇచ్చే కొన్ని రకాల మందుల వల్ల, జీవితంలో ఎన్నడూ పేక ముట్టని పెద్దవాళ్లలో కొందరికి జూదం పిచ్చి పడుతుంది. మందు మారిస్తే తగ్గుతుంది. మెదడుకూ ఈ వ్యసనానికీ ఎంత సంబంధం ఉందో దీన్నిబట్టి ఆలోచించండి.

"అయితే అయ్యగారూ, ఇది పాపం కాదా? రోగం అనేస్తే బాధ్యత తప్పిపోదా?" అని మీలో కొందరు అడుగుతారు. మంచి ప్రశ్న. కష్టపడకుండా పొరుగువాడి సొమ్ము నా చేతికి రావాలన్న కోరిక పాపమే, అందులో నాకు సందేహం లేదు. అపొస్తలులు కూడా మత్తీయ కోసం చీట్లు వేశారు కదా అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లు దేవుని నిర్ణయం అడిగారు, ఒకరి కూలి డబ్బు ఇంకొకరు లాక్కోవడానికి వేయలేదు. కాబట్టి పాపమే. కాని ఆ పాపపు గుంటలో పడ్డాక కాలు విరిగింది. పడ్డవాడిని ఎందుకు పడ్డావని అడగవచ్చు, విరిగిన కాలికి కట్టు కూడా కట్టాలి. చక్కెర వ్యాధి ఉన్నవాడిని మనం నిందించం. కాని మాత్ర వేసుకోవడం, తీపి మానడం నీ బాధ్యత అంటాం. ఇక్కడా అంతే.

గలతీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయం తెరవండి. రెండో వచనంలో ఒకరి భారాన్ని ఒకరు మోయమంటాడు పౌలు. ఐదో వచనానికి వచ్చేసరికి ఎవరి బరువు వాళ్లే మోసుకోవాలంటాడు. ముందు చదివినప్పుడు నాకు ఇది చిక్కుముడిలా ఉండేది. గ్రీకులో ఆ రెండుచోట్లా వేర్వేరు మాటలు. మొదటిది బారోస్, మనిషిని నలగగొట్టే భారం. రెండోది ఫోర్టియోన్, ప్రతివాడూ తన వీపు మీద మోయాల్సిన మూట. మన తెలుగు బైబిల్లో కూడా ఒకచోట భారం అని, ఇంకోచోట బరువు అని ఉంది. జూదగాడి విషయంలో సిగ్గు, భయం, ఒంటరితనం, చచ్చిపోవాలన్న ఆలోచన, ఇవి అతన్ని నలగగొట్టే భారం. అవి మనం మోయాలి. అప్పు మాత్రం అతని మూట. అది అతనే మోయాలి. నేను ఆ మూట లాక్కొని భారాన్ని అతని నెత్తినే వదిలేశాను.

అప్పు ఎందుకు తీర్చకూడదో అతనే ఒకరోజు చెప్పాడు. "మీరు డబ్బు ఇచ్చినప్పుడు గుండె మీద రాయి తీసినట్టయింది అయ్యగారూ. కాని ఆ మర్నాటి నుంచే మళ్లీ నాకు బయట అప్పు పుట్టేది. ఒకసారి సంఘం తీర్చింది కదా, ఏదో దారి దొరుకుతుందిలే అని లోపల ఒకడు అనేవాడు." అతనికి మనం ఇచ్చింది సహాయం కాదు, ఇంకో ఆటకు పెట్టుబడి. పొలం అమ్మి కొడుకు అప్పు తీర్చే తండ్రులు, పుట్టింటి నుంచి తెచ్చి మొగుడి అప్పు తీర్చే ఆడపడుచులు ఈ మాట జాగ్రత్తగా వినండి. మీ ప్రేమను నేను తప్పుపట్టడం లేదు. మీ డబ్బు ఎటు పోతుందో చెబుతున్నాను.

మంచి సమరయుడి సంగతి మనందరికీ కంఠతా వచ్చు. లూకా పదో అధ్యాయంలో ఒక చిన్న విషయం నేను ఎన్నేళ్లు ప్రసంగించినా గమనించలేదు. అతను గాయాలకు నూనె, ద్రాక్షారసం పోశాడు, కట్టు కట్టాడు, తన జంతువు మీద ఎక్కించాడు, రాత్రంతా చూసుకున్నాడు. మర్నాడు రెండు దేనారాలు తీశాడు. ఎవరి చేతిలో పెట్టాడు? గాయపడినవాడి చేతిలో కాదు, సత్రం యజమాని చేతిలో. తిరిగి వస్తానని మాట కూడా ఇచ్చాడు. సంఘం డబ్బు ఖర్చు పెట్టాలంటే ఆసుపత్రికి వెళ్లే బస్సు చార్జీకి, పిల్లల స్కూలు ఫీజుకు, ఇంట్లో బియ్యానికి నేరుగా పెట్టండి. ఆడేవాడి చేతికి మాత్రం ఇవ్వకండి. ఇచ్చి ఊరుకోకుండా తిరిగి వెళ్లి చూడండి.

ఇక, మేము ఏం చేశామో వరసగా చెబుతాను. మీ ఇంట్లో ఇలాంటి బాధ ఉంటే పనికొస్తుంది.

ఆ తెల్లవారుజామున మొదట చేసిన పని, ఇంట్లో పురుగుమందులన్నీ తీసి పక్కింటి కొట్టులో పెట్టి తాళం వేయించడం. చచ్చిపోతే అప్పు తీరుతుందన్న ఆలోచన ఈ వ్యసనంలో చాలామందికి వస్తుంది. ఆ ఆలోచన గట్టిగా పట్టే గంటలు కొన్నే ఉంటాయి. ఆ గంటల్లో చేతికి మందు అందకపోతే, పక్కన ఒక మనిషి ఉంటే, ప్రాణం నిలబడుతుంది. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగడానికి భయపడకండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు. అడిగితే లోపల ఉన్నది బయటికి వస్తుంది.

రెండో పని, టెలిమానస్‌కు ఫోన్ చేయడం. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ అది. నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆడేవాళ్లే చేయాలని లేదు, భార్య చేయవచ్చు, తల్లి చేయవచ్చు, పాస్టరు కూడా చేయవచ్చు. మేము చేసినప్పుడు అవతలి అమ్మాయి ఇరవై నిమిషాలు ఓపిగ్గా విని, ఎక్కడికి వెళ్లాలో చెప్పింది.

మూడో పని, జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ని కలవడం. పిచ్చాసుపత్రి అన్న మాట మన ఊళ్లలో ఇంకా పోలేదు. అందుకే అతను మొదట రానన్నాడు. నేను కూడా వస్తాను, ఓపీ చీటీలో నా పేరు కూడా రాయించుకుంటాను అన్నాను. ఇద్దరం వెళ్లాం. డాక్టరు గారు నిద్ర గురించి, తాగుడు గురించి, దిగులు గురించి అడిగారు. జూదంతోపాటు దిగులు జబ్బు, మందు అలవాటు కలిసి ఉండటం మామూలేనట. వాటికి మందులు ఇచ్చారు. జూదానికి మాత్రం ముఖ్యమైన వైద్యం మాటల వైద్యమే. ఏ గంటలో మనసు లాగుతుంది, లాగినప్పుడు ఏ అబద్ధం చెబుతుంది, అప్పుడు ఏం చేయాలి, ఇవి ఒక్కొక్కటే విడదీసి నేర్పుతారు. విశాఖపట్నంలో, హైదరాబాదు ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి ఫోను, ఇంటర్నెట్ వ్యసనాల కోసం షట్ క్లినిక్ అని ప్రత్యేకంగా నడుస్తోంది. మీ పిల్లలు ఆ ఊళ్లలో ఉంటే ఈ మాట వాళ్లకు పంపండి.

నాలుగో పని డబ్బు సంగతి. ఏటీఎం కార్డు, ఫోన్ పే లాంటివన్నీ అతని ఫోన్లోంచి తీసేశాం. కోత మిషను ఓనరు గారితో మాట్లాడితే, జీతం నేరుగా భార్య ఖాతాలో వేయడానికి ఒప్పుకున్నారు. రోజు ఖర్చుకు ఆమె వంద రూపాయలు ఇస్తుంది. ఇది మగవాడికి అవమానం కాదా అని ఒక పెద్దాయన అడిగారు. కాలు విరిగినవాడికి చేతికర్ర అవమానం కాదు, నడిచేదాకా ఆసరా. ఆ మాట అన్నది నేను కాదు, అతనే.

ఐదో పని, అప్పుల పట్టీ. అతనూ, భార్యా, ఒక పెద్దా, నేనూ కూర్చొని ఒక నోటు పుస్తకంలో ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, తాకట్టులో ఏముంది, అంతా రాశాం. ఒక్కటి కూడా దాచకూడదన్నదే షరతు. తర్వాత ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి నెలకు ఇంత అని మాట్లాడుకున్నాం. మాట్లాడటానికి నేను వెళ్లాను, తీర్చడానికి కాదు. ఫోన్లో అప్పులిచ్చే లోన్ యాప్‌లవాళ్లు ఫొటోలు మార్చి బంధువులకు పంపుతామని బెదిరిస్తే, భయపడి ఇంకో యాప్‌లో తీసుకొని కట్టకండి. 1930 అనే సైబర్ నేరాల నంబరుకు చెప్పండి, పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వండి.

ఆరో పని మాకు అన్నిటికన్నా కష్టమైంది, అన్నిటికన్నా పనికొచ్చింది. ప్రతి గురువారం రాత్రి ముగ్గురం కూర్చుంటాం. అతను, నేను, మందు మానేసి తొమ్మిదేళ్లయిన ఒక సహోదరుడు. వారంలో మనసు ఎప్పుడు లాగిందో అతను చెబుతాడు. మేము వింటాం, చివర ప్రార్థన చేస్తాం, టీ తాగి వెళ్లిపోతాం. ఇది మా కొత్త ఆలోచన కాదు. 1957లో అమెరికాలో లాస్ ఏంజిలెస్ నగరంలో ఇద్దరు జూదగాళ్లు ఒకరి బాధ ఒకరు చెప్పుకోవడంతో గ్యాంబ్లర్స్ అనానిమస్ అనే సహవాసం మొదలైంది. డాక్టర్లు, పాస్టర్లు కాదు, ఆడి నలిగినవాళ్లే ఒకరికొకరు ఆసరా. ఇంటర్నెట్‌లో కూడా వాళ్ల కూటాలు జరుగుతాయి, ఇంగ్లీషు వచ్చిన పిల్లలు చూసుకోవచ్చు. యాకోబు తన పత్రిక ఐదో అధ్యాయంలో ఒకరితో ఒకరు పాపాలు ఒప్పుకొని, స్వస్థత కోసం ఒకరికొరకు ఒకరు ప్రార్థించమని చెప్పింది అలాంటి కూటాన్నే. ఒప్పుకోలు, స్వస్థత ఆ వచనంలో పక్కపక్కనే ఉన్నాయి. మనం మాత్రం ఒప్పుకోలును మైకు ముందు సాక్ష్యంగా మార్చేశాం.

సాక్ష్యం గురించి ఒక మాట. మానేసిన రెండో వారంలోనే మనిషిని స్టేజీ ఎక్కించి చప్పట్లు కొట్టించకండి. నేను అదే తప్పు చేశాను. అందరి ముందూ "విడుదల పొందాను" అన్నవాడు, మర్నాడు జారితే ఎవరితో చెప్పుకుంటాడు? ఆ సాక్ష్యమే అతని నోటికి తాళం అయింది.

ఇంకో మాట, మన సంఘాల గురించి. క్రిస్మస్ కార్యక్రమాల్లో లక్కీ డ్రా కూపన్లు అమ్మి ప్రెషర్ కుక్కర్లు ఇస్తున్నాం. "వెయ్యి విత్తండి, దేవుడు లక్ష ఇస్తాడు" అనే ప్రసంగాలు టీవీలో విని మన యవ్వనస్థులకు వినిపిస్తున్నాం. కొంచెం పెడితే చాలా వస్తుందని మనమే నేర్పి, ఫోన్లో అదే నేర్పిన యాప్‌ను మాత్రం సాతాను అంటున్నాం. ఒకసారి అతను పెద్ద మొత్తం కృతజ్ఞత కానుక వేశాడు. కోతలు లేని నెలలో అంత డబ్బు ఎక్కడిదని నేను అడగలేదు. కవరు తీసుకొని దీవించాను. అది ఆట డబ్బని తర్వాత తెలిసింది. ఆ రోజు అడిగి ఉంటే రెండేళ్లు ముందే అతని నోరు విప్పుకునేదేమో. ఈ ఏడాది నుంచి మన సంఘంలో లక్కీ డ్రా ఉండదు. పెద్దలతో మాట్లాడాను.

"ప్రభుత్వం ఆపేసింది కదా, ఇంకా ఎందుకు ఈ గొడవ?" అనేవాళ్లూ ఉన్నారు. తెలంగాణలో 2017లో, మన ఆంధ్రలో 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అందులో ఆడించేవాళ్లకు మూడేళ్ల వరకూ జైలు, కోటి రూపాయల వరకూ జరిమానా ఉంది. ప్రకటనలు ఇచ్చేవాళ్లకూ శిక్ష ఉంది. మంచిదే, నేను సంతోషించాను. కాని 2020 తర్వాతే కదా మన సహోదరుడు మునిగింది. కోడి పందేలు మాత్రం చట్టంలో లేవా? ఉన్నా, ప్రతి భోగికీ బరులు లేస్తున్నాయి. చట్టం తలుపు మూయగలదు. లోపల చిక్కుకున్నవాడి చెయ్యి పట్టుకొని బయటికి తేవడం చట్టానికి చేతకాదు, అది సంఘం పని.

ఇక భార్యలకు, తల్లులకు ఒక మాట. అమ్మా, ఇది మీ తప్పు కాదు. మీరు సరిగా చూసుకోక అతను ఆడటం లేదు. మీ ప్రార్థన చాలక అతను జారడం లేదు. ఎవరైనా, ఆఖరికి పాస్టరైనా, అలా అంటే నమ్మకండి. అతని కోసం అప్పులవాళ్లతో అబద్ధాలు చెప్పకండి, కొత్త కాగితాల మీద సంతకాలు పెట్టకండి, పట్టాదారు పాసు పుస్తకం మీ దగ్గర దాచుకోండి. మిమ్మల్ని కొడుతుంటే ఓర్చుకోమని నేను చెప్పను. మా ఇంటికి రండి, అమ్మగారు ఉన్నారు. మీకు కూడా మాట్లాడుకోవడానికి ఒక మనిషి కావాలి.

చివరికి ఏమయిందని అడుగుతారు. అద్భుతం జరిగిందని రాయాలని నాకూ ఉంది. జరిగింది ఇది. 2024 ఏప్రిల్లో, దాదాపు ఏడాది నిలబడ్డాక, స్నేహితుడి ఫోన్లో పందెం కాశాడు. మూడు వేలు పోయాయి. ఆ రాత్రే పన్నెండు గంటలకు మా తలుపు కొట్టాడు. "జారిపోయాను అయ్యగారూ" అన్నాడు. నేను అతన్ని లోపలికి రమ్మని అమ్మగారిని లేపి టీ పెట్టించాను. ఆ రాత్రి నాకు ఎంత సంతోషమో చెప్పలేను. రెండేళ్ల ముందు ఇదే మనిషి నాలుగు లక్షలు దాచాడు. ఇప్పుడు మూడు వేలు దాచలేకపోయాడు. తప్పిపోయిన కుమారుడు ఇల్లు చేరకముందే తండ్రి పరుగెత్తాడు కదా, ఆ పరుగు అర్థం నాకు ఆ అర్ధరాత్రి కొంచెం తెలిసింది.

అప్పు ఇంకా రెండు లక్షల అరవై వేలు ఉంది. భార్య రొయ్యల షెడ్డుకు వెళ్తోంది, అతను కోతలు లేనప్పుడు ట్రాక్టరు తోలుతున్నాడు. ఆ ముసలమ్మ ఐదు వేలు మాత్రం అందరికన్నా ముందు తీర్చాడు. ఆమె తీసుకోనంది. "తీసుకోవాలి మామ్మా, నా బరువు నేనే మొయ్యాలంట" అని ఆమె చేతిలో పెట్టి వచ్చాడు.

భోగి, సంక్రాంతి, కనుమ, ఈ మూడు రోజులూ అతనికి కష్టమైన రోజులు. ఎటు చూసినా బరి మైకులే. అందుకే ఈసారి మూడు రోజులూ సాయంత్రాలు మందిరం తెరిచే ఉంటుంది. ప్రసంగం ఉండదు. పాటలు, అరిసెలు, టీ, క్యారమ్ బోర్డు ఉంటాయి. మనసు లాగుతున్నవాడు ఎవడైనా వచ్చి కూర్చోవచ్చు. ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. మీకు ఏ బాధా లేకపోయినా రండి, వచ్చినవాడు గుంపులో కలిసిపోవాలంటే గుంపు ఉండాలి కదా.

ఇది చదువుతున్న నీకు, ఎవరికీ తెలియకుండా ఆడుతున్న నీకు ఒక్కమాట చెప్పి ముగిస్తాను తమ్ముడూ. మొత్తం లెక్క చెప్పు. సగం చెప్పకు. నేను భయపడను, వదిలేయను. నీ అప్పు మాత్రం తీర్చను. తీర్చేదాకా నీ పక్కన నడుస్తాను. నా దగ్గరికి రావడం ఇష్టం లేకపోతే 14416కు ఫోన్ చెయ్యి. ఈ రాత్రే చెయ్యి.

తండ్రీ, చీకట్లో ఫోను వెలుగులో ఒంటరిగా కూర్చున్న ప్రతి బిడ్డనూ నీవు చూస్తున్నావు. వాళ్లు నోరు తెరిచేలా ధైర్యమివ్వు. మేము చెవి మూయకుండా మా గుండెలను మెత్తబరచు. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ, ఆమెన్.

ప్రభువు సేవలో,
మీ పాస్టరు